చివరి ఆయకట్టు

కర్నూలు–కడప కాలువను మా వైపు చిన్నపిల్లలు కూడ కె.సి. కెనాల్ అనే అంటారు. తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట దగ్గర మొదలై, నంద్యాల సీమను తడిపి, కుందూ నదితో కలసి కొంత దూరము నడిచి, పెన్నను దాటి కడప చేరుతుంది. పొడవు సుమారు 306 కిలోమీటర్లు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ 1863లో దీనిని త్రవ్వ మొదలుపెట్టి 1870 నాటికి పూర్తి చేసింది. పొలాలకు నీళ్లివ్వడమే గాక, సరకుల పడవలు నడిపి లాభము గడించాలని కూడ వారి ఆలోచన. రాయలసీమ ఎండలో ఆ లెక్కలు నిలువలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కొన్నది.

ఫిబ్రవరి నెలలో, శనగ కోతలు జరుగుచుండగా, మేము దంపతులము ఈ కాలువ వెంట బయలుదేరాము. బస్సులో కొంత, ఆటోలో కొంత, తెలిసినవారి మోటారు సైకిలు వెనుక కొంత. క్షేత్రాలు చూడడానికి కాదు. ఈ రెండు జిల్లాల సీమలో పల్లె సంఘాలను కాచుచున్న కాపరులు ఇంటిపట్టున ఎంతసేపు ఉంటున్నారు, వారి భార్యాపిల్లలు ఎలా ఉన్నారు, వారి ఆరోగ్యము ఎలా ఉన్నది అని చూచి రావాలని మా ఉద్దేశము. గురువుల వద్దకు వెళ్లి వాక్యము వినేవారు చాలామంది. గురువమ్మగారి వంటింట్లో కూర్చొని మాట్లాడేవారు తక్కువ. మేము ఆ రెండవ పని పెట్టుకొన్నాము.

సుంకేసుల దగ్గర కాలువ లస్కరు ఒకాయన కనబడ్డాడు. గేట్లు ఎత్తడము, దించడము, గండ్లు పడకుండ కనిపెట్టడము లస్కరు పని. "ఈడ ఉండేటోళ్లకు ఎప్పుడూ నీళ్లే సామీ. పైన పంట ఎండదు. కడాకు ఉండేటోని గతే గతి. వాని వంతు వచ్చేసరికి కాలువలో తడి కూడ ఉండదు" అన్నాడు. కాలువ చివర ఉండే పొలాన్ని చివరి ఆయకట్టు అంటారు. రికార్డులో ఆ పొలము కాలువ క్రిందిదే. శిస్తూ కట్టవలసినదే. నీళ్లు మాత్రము పైవారు వదిలితే వస్తాయి. అందుకే వంతులు పెట్టి, ఇన్ని రోజులు పైకి, ఇన్ని రోజులు క్రిందికి అని నీళ్లు పంచుతారు. వంతు లేకపోతే ఎంత మంచి మనిషియైనా ముందు తన మడి తడుపుకొంటాడు. ఆయన మాట మాతో పాటు కడప వరకు వచ్చింది.

కర్నూలులో కొండారెడ్డి బురుజు నీడన ఉగ్గాని బజ్జీ తిన్నాము. ఈ ఊరు 1953 అక్టోబరు 1 నుండి మూడేండ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండినది. చాలినన్ని ఇండ్లు లేక కార్యాలయాలు డేరాలలో పెట్టారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకొంటారు. అమెరికన్ బాప్టిస్టు మిషనువారు నెలకొల్పిన కోల్స్ మెమోరియల్ హైస్కూలు ఇక్కడే ఉన్నది. ఎన్నో పల్లెల పిల్లలు, వారిలో ఉపదేశుల పిల్లలు, అక్కడ చదువుకొని ఉద్యోగస్థులయ్యారు.

ఇక్కడి కాపరి ఒకాయన 2009 అక్టోబరు 2వ తేదీని తలచుకొన్నారు. తుంగభద్ర, హంద్రీ కలసి పట్టణము మీదికి వచ్చిన రోజు అది. "ఆ వారమంతా ఇంటికి పోలేదు. పోవాలని కూడ అనిపించలేదు" అన్నారు. అది సరియే. మునిగిన ఊరిలో గొఱ్ఱెలను వదలి ఇంటికి పోయే కాపరి కాపరి కాడు. గురువమ్మగారు ప్రక్కనుండి, "వరద వారములో దిగిపోయింది గదా అన్నా. ఈయన మాత్రము ఇంకా ఇల్లు చేరలేదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని ఆయన నవ్వలేదు.

ఆయన మునుపు పడమటి వైపు, కోసిగి దగ్గర పల్లెలలో పనిచేసినవారు. ఆ సీమ సంగతి ఆయన నోటనే విన్నాము. వాన తప్పితే అక్కడ ఊరికి ఊరే మూట కట్టుకొని గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు పోతుంది. దానిని వారు సుగ్గికి పోవడము అంటారు. ముసలివారు, బడి పిల్లలు మిగులుతారు. గుడిలో కానుక పళ్లెములో చిల్లర రాలుతుంది. అలాంటి నెలలలో కాపరి ఇంట పొయ్యి ఎలా మండిందో ఎవరూ అడుగరు. తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లలకు జ్వరము వస్తే మాత్రము ఆసుపత్రికి తీసికొనిపోయేది కాపరియే.

పల్లె పరిచర్యలో పట్టణమువారికి సులభముగా తెలియని సంగతి ఒకటి ఉన్నది. సంఘస్థులు కూలికి పోయేవారు. తెల్లవారగనే పోయి పొద్దు గుంకినాక వస్తారు. సంగటి కెలుక్కొని, పిల్లలకు పెట్టి, గుడి గంట వినేసరికి రాత్రి ఎనిమిది. కాబట్టి ప్రార్థన కూటము ఎనిమిదింటికి, ఇండ్లు దర్శించడము తొమ్మిదింటికి, తగవు ఉంటే తీర్చడము పదింటికి. కాపరి పిల్లలు బడినుండి వచ్చి ఇంట్లో ఉండేది కూడ ఆ వేళలోనే. పగలు ఆయన ఖాళీగా ఉన్నప్పుడు పిల్లలు బడిలో ఉంటారు. పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు ఆయన గుడిలో ఉంటారు. ఇంట్లోను సంఘములోను సమతూకము పాటించండి అని సభలలో చెప్పే ఉపన్యాసకులు ఈ గడియారమును ఒకసారి చూడవలెను. ఇక్కడ తూకము తప్పినది ఆయనకు క్రమము తెలియక కాదు. కూలివాని దినము అలా ఉన్నది, అంతే.

కర్నూలు నుండి నంద్యాలకు బస్సు ఓర్వకల్లు రాళ్లగుట్టల మధ్యగా, పాణ్యము మీదుగా పోతుంది. 2022 ఏప్రిల్ నుండి నంద్యాల వేరు జిల్లా. పట్టణము దాటగానే నల్లరేగడి నేల, కాలువ క్రింద వరి. ఈ ప్రాంతపు సంఘాలు ఎస్.పి.జి. మిషనువారు నాటినవి. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలలో చాలా భాగము అందులో చేరక, 1975 వరకు వేరుగా ఉండినవి. ఆ కథ పెద్దది, ఇక్కడ చెప్పము. ఈ సంఘాలు అంతకు ముందు దోర్నకల్ అధ్యక్ష మండలము క్రింద ఉండినవి. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్యగారు ఎడ్లబండి మీద పల్లెలు తిరిగినవారు. ఉపదేశిగా తర్ఫీదు పొంద వచ్చినవారు భార్యాపిల్లలతో అక్కడ కాపురముండి చదువుకొనేవారు. బిషప్పుగారి భార్య అన్బు మరియమ్మాళ్ గారు ఆ స్త్రీలకు చదువు, పాటలు, ఇంటి పనులు నేర్పేవారు. అంటే, పంపబడేది ఒక మనిషి కాదు, ఒక కుటుంబము అని వారు ఎరిగియుండిరి. ఇప్పుడు చాలాచోట్ల కుర్రవానిని ఒక్కనినే కాలేజీకి పంపి, పట్టా చేతికిచ్చి, పెండ్లి చేసి, పదకొండు గ్రామాల మీదికి తోలుచున్నాము. ఆ అమ్మాయికి ఎవరు ఏమి నేర్పారు?

పదకొండు అని ఊరికే అనలేదు. నంద్యాల ప్రక్కన మేము దిగిన ఇంటి కాపరికి పదకొండు గ్రామాలు. ఆదివారము ఉదయము ఏడింటికి ఒక ఊరు, పదిన్నరకు ఒకటి, మధ్యాహ్నము రెండింటికి మరొకటి, రాత్రి ఎనిమిదింటికి ఇంకొకటి. మిగతా ఊళ్లు వారపు దినాలలో. మేము పోయినప్పుడు ఆయన లేరు. రెండవ తరగతి చదివే పాప తలుపు తీసి, మాకు మంచినీళ్లిచ్చింది. మీ నాయన ఏమి పని చేస్తాడమ్మా అని ఊరికే అడిగాము. "అందరిండ్లకు పోతాడు" అన్నది. తల్లి ఉలిక్కిపడి, "అట్ల చెప్పకూడదు, దేవుని పని చేస్తాడని చెప్పల్ల" అని దిద్దింది. పాప మా ముందు ఆ మాట అప్పజెప్పింది. మాకైతే మొదటి జవాబే నిజమైనదిగా తోచింది.

ఆ తల్లి ఉదయము మిషను కుట్టుకొని, సాయంత్రము స్త్రీల కూటము నడిపి, ఆదివారము పిల్లల బడి చెప్పి, వచ్చినవారికి వండి పెడుతుంది. వీటిలో కుట్టుపనికి మాత్రమే డబ్బు వస్తుంది. సంఘము ఆమెను అమ్మగారు అంటుంది. ఒక్కరోజు గుడికి రాకపోతే, అమ్మగారికి గర్వము అని కూడ అంటుంది.

కాపరి రాత్రి పదకొండుకు వచ్చారు. పాప నిద్రపోయింది. ఆయన అన్నానికి కూర్చొనగానే ఫోను మ్రోగింది. మునుపు రాత్రిపూట గురువుగారిని పిలువాలంటే లాంతరు పట్టుకొని రెండు మైళ్లు నడిచి రావలసి ఉండేది. ఆ రెండు మైళ్లు గురువుగారిని కాపాడినవి అనుకొంటాము. నడిచి వచ్చేంత అవసరము ఉన్నదా, తెల్లవారినాక పోతే కాదా అని మనిషి ఆలోచించుకొనేవాడు. ఇప్పుడు ఆ ఆలోచనకు తావు లేదు. మంచము మీద పండుకొనే బటన్ నొక్కవచ్చు. ఆ రాత్రి వచ్చిన ఫోను ఎందుకంటే, కొత్త బండి కొన్నాము, రేపు ఉదయము ఆరింటికి వచ్చి ప్రార్థన చేయండి అని.

మేము కొంచెము చొరవ తీసికొని, అయ్యగారూ, వారములో ఒక దినమైనా విశ్రాంతి తీసికొనరాదా అన్నాము. ఆయన జవాబు మమ్మల్ని చాలాసేపు మౌనముగా ఉంచింది. "మా సంఘస్థులకు ఆదివారము కూడ సెలవు లేదు. రైతు పిలిస్తే పోవల్సిందే. వాళ్లకు లేని సెలవు నాకెందుకు? నేను ఇంట్లో కాళ్లు చాపుకొని కూర్చుంటే వాళ్ల మొగము ఎట్ల చూసేది?"

ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. బద్ధకస్థుని సాకు కాదిది, ప్రేమగల మనిషి మాట. అయినను ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో విశ్రాంతి దినపు ఆజ్ఞకు ఏ కారణము చెప్పబడినదో చూడండి. నీవు ఐగుప్తులో దాసుడవై యుంటివి, కాబట్టి నీ దాసుడును దాసియు నీవలె విశ్రమింపవలెనని దాని భావము. విశ్రాంతి కలిగినవారి సొత్తుగా అది ఇయ్యబడలేదు. బానిసతనము నుండి వచ్చినవారికి మొదట ఇయ్యబడినది. పశువులకు కూడ అందులో వంతు ఉన్నది. అలాంటప్పుడు కూలివారి సంఘములో కాపరి విశ్రమించడము వారిని అవమానించడము ఎలా అవుతుంది? వారికి కూడ ఆ హక్కు ఉన్నదని చూపించే మొదటి మనిషి ఆయన కావచ్చును గదా. ఇది ఆ రాత్రి ఆయనతో అన్నాము. ఆయన ఒప్పుకొన్నారని చెప్పలేము.

మరునాడు ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి దగ్గర దిగి ముత్యాలపాడు పోయాము. ఎస్.పి.జి. తెలుగు మిషను పాత కేంద్రాలలో ఇది ఒకటి. జాన్ క్లే అనే మిషనరీ ఇక్కడ పనిచేశారు. ఇలాంటి కేంద్రము నుండియే చుట్టు పల్లెలకు ఉపదేశులను, బడి పంతుళ్లను పంపేవారు. 1876–78 ధాత కరవు ఈ సీమ వెన్ను విరిచింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనము సుమారు నాలుగవ వంతు తగ్గిపోయినది. ఆ కరవు కాలములోను, తరువాతను మాల మాదిగ పేటలు గుంపులుగా సంఘములో చేరినవి. చేరిన ప్రతి పేటకు ఒక పంతులు కావలసి వచ్చెను. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు వాక్యము, ఆదివారము ఆరాధన, మధ్యలో అర్జీలు వ్రాసి పెట్టడము, కరణము దగ్గరకు తోడు పోవడము. రాత్రి ఎనిమిది గంటల పరిచర్య అప్పటిదే.

మిషనరీ దొరలకు విశ్రాంతి విలువ తెలియదా? బాగుగా తెలుసు. మదురై ప్రాంతపు అమెరికన్ మిషనువారు జ్వరాలతో, కలరాతో తమవారిని పాతిపెట్టి పాతిపెట్టి విసిగి, 1845లో కొడైకెనాల్ కొండమీద ఇండ్లు కట్టుకొన్నారు. తరువాత మన తెలుగు దేశపు మిషనరీలు కూడ ఎండాకాలములో అక్కడికి పోయేవారు. మన సీమలోనే చూస్తే, కడప కలెక్టరు హార్స్‌లీ దొర మదనపల్లె దగ్గర నాలుగు వేల అడుగుల ఎత్తున బంగళా కట్టుకొన్నాడు. ఆ కొండకు ఆయన పేరే నిలిచింది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేవరకు ఆ మదనపల్లె కడప జిల్లాలోనిదే. కొన్ని ఏండ్లకొకసారి మిషనరీలకు స్వదేశము పోవడానికి దీర్ఘకాలపు సెలవు ఉండేది. ఇదంతా సోమరితనము అని మేము అనము. అది లేకపోతే వారు బ్రతికేవారు కాదు. మనము ఈనాడు కూర్చునే గుడులు, ఆసుపత్రులు నిలిచేవి కావు. అయితే దొరలకు కొండ ఉన్నది, పేటలోని పంతులుకు వేపచెట్టు ఉన్నది. దొరలు పోయినారు, బంగళాలు మిగిలినవి, బడులు మిగిలినవి, కమిటీలు మిగిలినవి. సేవకుడు అలసిపోతాడు గనుక అతని విశ్రాంతికి సంఘమే ఏర్పాటు చేయవలెను అన్న పద్ధతి మాత్రము మనకు సంక్రమించలేదు. పంచిపెట్టుటలో ఆ ఒక్కటి ఎక్కడో జారిపోయినది.

ఇక్కడ కొంచెము కటువుగా వ్రాయవలసి యున్నది. పాఠకులు మన్నించండి. మన తాతలలో చాలామంది ఒకప్పుడు జీతగాండ్రు. జీతగాడు అంటే ఈ సీమలో అందరికీ తెలుసు. ఏడాదికి ఇన్ని పుట్లు, ఇన్ని జతల చెప్పులు అని మాట్లాడుకొని, తరువాత రాత్రి పగలు లేక ఆసామి ఇంట పడి ఉండేవాడు. పిలిచినప్పుడు పలుకవలెను. జ్వరము వచ్చినా రావలెను. అతని భార్య పేడ ఎత్తవలెను, పిల్లవాడు గొడ్లు కాయవలెను. ఒక్కనికి జీతము, ముగ్గురి చాకిరి. ఆ పద్ధతి ఎంత అన్యాయమో మనకంటె ఎవరికి తెలుసు? అయితే ఇప్పుడు కొన్ని సంఘాలలో, మేము కందా ఇస్తున్నాము గదా, పిలిస్తే రాకపోతే ఎట్ల అనే మాట వింటున్నాము. ఒక్కనికి జీతము, భార్య చేత స్త్రీల కూటము, పిల్లవాని చేత డప్పు, కీబోర్డు. మనము తప్పించుకొని వచ్చిన ఆసామి పీట మీద మనమే కూర్చొంటే ఎలా?

మైదుకూరు, ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగు చేరాము. గండికోట చూడడానికి వచ్చిన పట్నము పిల్లలతో బస్సు నిండిపోయింది. మేము కోటకు పోలేదు. లండన్ మిషను వైద్యుడు డాక్టరు క్యాంబెల్ పేరు మోసిన ఆసుపత్రి ఈ ఊరిలోనే ఉన్నది. ఆసుపత్రి పనివారికి ఒక విషయము ఎప్పుడో తెలిసినది. రోగులు రాత్రిళ్లు వస్తారు గనుక నర్సులకు వంతులు ఉండవలెను. పగటి వంతు, రాత్రి వంతు. వంతు మారినప్పుడు పోయే నర్సు వచ్చే నర్సుకు అన్నీ ఒప్పజెప్పి పోతుంది. ఆమె ఇంటికి పోయినందుకు రోగులెవరూ ఆమెకు ప్రేమ లేదు అనరు. ఆత్మల ఆసుపత్రికి ఒక్కరే నర్సు, ఇరువదినాలుగు గంటలు, ఏండ్ల తరబడి. ఈ ఊరి ప్రక్కనే ఒక కాపరిని చూచాము. యాభై ఏండ్లు నిండలేదు, పక్షవాతముతో మంచము పట్టినారు. రక్తపోటు మాత్రలు వేసికొనడము మరచిపోతూ వచ్చారట. సభలకు, ఉపవాస కూటములకు మాత్రము ఒక్కసారి కూడ మరువలేదు. పెద్దకొడుకు పదిలో మంచి మార్కులతో పాసైనాడు. "ఏ పనియైనా చేస్తా గాని నాయన పని చేయను" అని మాతో నెమ్మదిగా, కోపము లేకుండ అన్నాడు. కోపముతో అనియుంటే మాకు ఇంత బాధ ఉండేది కాదు.

సమూయేలు ఏటేట బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి న్యాయము తీర్చేవాడని, అతని ఇల్లు రామాలో ఉండెను గనుక అక్కడికి తిరిగి వచ్చేవాడని మొదటి సమూయేలు గ్రంథము 7వ అధ్యాయము చెబుతుంది. మన పాస్టరేటు తిరుగుడు లాంటిదే. మరుసటి అధ్యాయములో అతని కుమారులు యోవేలు, అబీయా తండ్రి త్రోవను నడువలేదని ఉన్నది. తండ్రి ఇంట లేనందుననే అలా జరిగిందని గ్రంథము చెప్పలేదు. మేము చెప్పము. కాని ఆ రెండు అధ్యాయాలు ప్రక్క ప్రక్కన ఉండడము చూచి ఆగకుండ ఉండలేము. అలాగే నిర్గమకాండము 18వ అధ్యాయము. మోషేకు మామ యిత్రో ఇచ్చిన సలహా, పదిమందికి యాభైమందికి అధిపతులను పెట్టుమన్నది, కమిటీ ఎన్నికలప్పుడు ఎన్నోసార్లు విన్నాము. ఆ అధ్యాయము మొదట ఏమున్నదో ప్రసంగాలలో విన్నది తక్కువ. యిత్రో ఊరికే రాలేదు. పుట్టింట ఉన్న సిప్పోరాను, గెర్షోము, ఎలీయెజెరు అనే ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని మోషే దగ్గరకు తెచ్చాడు. మరునాడు చూస్తే అల్లుడు ఉదయము నుండి సాయంత్రము వరకు జనుల మధ్య కూర్చొని ఉన్నాడు. కూతురును అప్పగించడానికి వచ్చిన మామ ఆ దినమంతా ఆ వరుస చూచి, నీవు చేయునది మంచిది కాదు అనే భావము పలికాడు. పని పంచుట గురించిన ఆ సలహా ఒక కుటుంబ పెద్ద నోట వచ్చినది.

కడప ప్రయాణములో చివరి ఊరు. 1822లో లండన్ మిషనువారు ఇక్కడ పని మొదలుపెట్టారు. ఆ దశాబ్దములోనే సి.పి. బ్రౌన్ దొర ఈ ఊరిలో ఉద్యోగము చేస్తూ తెలుగు తాళపత్రాలు కూర్చుకొన్నాడు. ఇప్పుడు రాయలసీమ అధ్యక్ష మండలపు ముఖ్య కార్యాలయము ఇక్కడే. పట్టణానికి కొంత దూరములో, నిజముగా కె.సి. కెనాల్ చివరి ఆయకట్టులో ఉన్న ఒక పాస్టరేటుకు మమ్మల్ని తీసికొనిపోయారు. ఊరు పేరు వ్రాయవద్దని అక్కడి పెద్దలు కోరారు.

రెండేండ్ల క్రిందట అక్కడి కాపరి రాత్రి కూటము ముగించుకొని వచ్చుచు, మోటారు సైకిలు మీద కునుకు పట్టి, రోడ్డు ప్రక్క నాపరాళ్ల కుప్పను గుద్దుకొన్నారు. చేయి విరిగింది. మూడు నెలలు పనికి రాలేకపోయారు. ఆ మూడు నెలలు సంఘము మూతబడలేదు. ఒక పెద్ద వాక్యము చదివెను, మరొకరు ప్రార్థించిరి, బైబిలు స్త్రీ ఇండ్లు తిరిగినది. కట్టు విప్పినాక పెద్దలలో ఒకాయన, రిటైరైన బడి పంతులు, ఒక నోటుబుక్కు తీసి, ఇన్నాళ్లు నడిచింది గదా, ఇంక ముందూ ఇట్లనే కొంత నడిపిద్దాము అన్నారు. వారు పెట్టుకొన్నది పెద్ద పథకమేమీ కాదు. సోమవారము కాపరి ఇంటివాడు. ఆ దినము ఆయన ఫోను పంతులుగారి దగ్గర ఉంటుంది. చావు గాని, ప్రాణాపాయము గాని అయితే పంతులుగారే వచ్చి పిలుస్తారు. మిగతావన్నీ, కొత్త బండి, కొత్త బోరు, పాడిగేదె, పుట్టినరోజు, పెద్దల వంతు. దూరపు మూడు గ్రామాలలో వారము విడిచి వారము పెద్దలే కూటము నడుపుతారు. అందుకు శనివారము సాయంత్రము కాపరి వారికి పాఠము నేర్పుతారు. ఎండాకాలములో పదిదినాలు కుటుంబమంతా ఊరు విడిచి పోవడానికి సంఘమే ఛార్జీలు ఇస్తుంది. అమ్మగారు స్త్రీల కూటము నడపాలా వద్దా అన్నది అమ్మగారినే అడిగారు. ఆమె నెలకు రెండుసార్లు చాలునన్నది.

సులభముగా జరిగిందని అనుకోవద్దు. గురువుగారు రాని ప్రార్థన ప్రార్థనేనా అని రెండు కుటుంబాలు అలిగి కందా మానుకొన్నాయి. ఒకటి తిరిగి వచ్చింది, ఒకటి రాలేదు. ఒక పెద్ద కూటానికి త్రాగి వచ్చినందుకు నోటుబుక్కులో నుండి ఆయన పేరు కొట్టివేయవలసి వచ్చింది. అన్నిటికంటె కష్టము కాపరికే అయింది. మొదటి సోమవారాలు ఆయన గుడి మెట్ల మీద కూర్చొని దారి చూచేవారట. "ఇంట్లో మనిషిని ఎక్కడ పెట్టుకోవాల్నో నాకూ తెలియలేదక్కా. ఆయన వంటింట్లో అడ్డము, వాకిట్లో అడ్డము" అని అమ్మగారు నవ్వారు. కూతురును బడికి దింపడానికి పోతే కొత్త టీచరు, మీరెవరని అడిగిందట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రము ఆయన తల వంచుకొన్నారు.

మేము పోయినది సోమవారమే. సాయంత్రము కాపరి వసారాలో కూతురుకు భిన్నాలు చెప్పుచున్నారు. లోపల అమ్మగారు జొన్నరొట్టెలు తట్టుచున్నారు. మాకు ఊరుబిండి వాసన వచ్చుచున్నది. గేటు దగ్గర ఒక పెద్దమనిషి తలపాగా తీసి చేతపట్టుకొని నిలబడ్డాడు. కాపరి లేవబోయారు. కూతురు తండ్రి చొక్కా పట్టుకొని, పలకలో నుండి తల ఎత్తకుండనే, "మా నాయన లెక్కలు చెప్తాండాడు పెద్దయ్యా. నీది ప్రాణము మీదికి వచ్చిందా?" అన్నది.

ఆయన కొంచెము ఆలోచించి, "లేదులే మ్మా. గేదె ఈనింది, దూడ బాగుంది" అని, చెప్పులు వేసికొని పంతులుగారి ఇంటివైపు నడిచాడు.